ఆదివారం నాలుగు గంటలకి

ఆదివారం మధ్యాహ్నం మా ఆసుపత్రిలో ఓపీ ఉండదు. ఆ రోజు మాత్రం తాళం తీయించి, బొమ్మల బుట్ట నేల మీద పెట్టి, ఫ్యాను వేసుకుని కూర్చున్నాను. నాలుగు గంటలకి ఒక తండ్రి తన కొడుకును చూసుకోవడానికి వస్తున్నాడు. చూసి రెండేళ్ళయింది.

అతనికీ ఆ బాబు తల్లికీ పెళ్ళి కాలేదు. హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ కలిసి ఉన్నారు, బిడ్డను కన్నారు. ఇరువైపుల పెద్దలూ ఒప్పుకోలేదు. రానురాను వాళ్ళలో వాళ్ళకే పొసగలేదు. బాబుకు నాలుగేళ్ళప్పుడు ఆ అమ్మాయి వాణ్ణి తీసుకుని మా ఊళ్ళో ఉన్న తల్లి దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు ఫ్యామిలీ కోర్టులో పిటిషను నడుస్తోంది. ఈలోగా బిడ్డను ఎక్కడ చూపించాలన్న దగ్గర మాట తెగక, చివరికి వాడికి జ్వరమొస్తే తీసుకొచ్చే నా గదికి ఇద్దరూ సరేనన్నారు. వాళ్ళను ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చి చెబుతున్నాను.

అతను ముందే వచ్చి కూర్చున్నాడు. చేతిలో బట్టల కొట్టు కవరు. బాబు అమ్మమ్మ కొంగు పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అతను కవరులోంచి నీలం గళ్ళ చొక్కా తీసి తొడగబోయాడు. భుజాల దగ్గర పట్టేసింది. పై రెండు బొత్తాలు ఎలాగో పడ్డాయి, కిందవి పడలేదు. అది నాలుగేళ్ళ పిల్లల చొక్కా. అతని మనసులో కొడుకు ఆ వయసు దగ్గరే ఆగిపోయాడు. గుమ్మంలో నిలబడ్డవాడికి ఆరు నిండాయి.

“విప్పేద్దామా నాన్నా” అన్నాను. వాడు విప్పనన్నాడు. మోచేతులు కాస్త ఎత్తి పెట్టుకుని గంటసేపూ ఆ చొక్కాతోనే ఆడాడు. వెళ్ళబోతూ, “అంకుల్, మళ్ళీ వస్తారా?” అని అడిగాడు. అతను గోడకున్న ఎత్తు కొలిచే పట్టీ వైపు తిరిగి నిలబడిపోయాడు.

బాబును అమ్మమ్మ తీసుకెళ్ళాక అతను నన్నడిగాడు: “మేడమ్, రక్తం నాది. వాడు నన్ను అంకుల్ అంటున్నాడు. చట్టం నాకు ఏ హక్కూ ఇవ్వదా?”

ఈ ప్రశ్న అడిగే తండ్రుల్ని నేను చాలామందిని చూశాను. బిడ్డ మీద ప్రేమ లేనివాడు ఈ ప్రశ్న అడగడు, కోర్టు వరండాల్లో వాయిదాల కోసం నిలబడడు. కాబట్టి ఆ ప్రేమను ఉంచి, మిగతాది మాట్లాడుకుందాం.

ముందు చట్టం సంగతి. నేను ప్లీడర్ని కాను. కానీ ఈ కుటుంబాల మధ్య కూర్చుని కూర్చుని కొంత తెలుసుకోక తప్పలేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో ఆరో సెక్షను ఉంది. పెళ్ళైన దంపతుల బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, అతని తరవాత తల్లి అంటుంది. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డ విషయంలో ఆ వరస తిరగబడుతుంది: ముందు తల్లి, ఆమె తరవాత తండ్రి. అంటే చట్టం అలాంటి తండ్రిని పూర్తిగా వదిలేయలేదు, వెనక వరసలో కూర్చోబెట్టింది. ఇది వినడానికి కష్టంగానే ఉంటుంది. అయితే సంరక్షకత్వం వేరు, బిడ్డను కలుసుకునే అవకాశం వేరు. రెండోదాన్ని విడిగా అడగవచ్చు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం పిల్లల సంరక్షకత్వం, కస్టడీ, చూడటానికి వెళ్ళే అవకాశం, ఇవన్నీ ఆ కోర్టు వినదగ్గ విషయాలే. తండ్రి హైదరాబాదులో ఉన్నా, బిడ్డ మామూలుగా ఏ ఊళ్ళో ఉంటున్నాడో ఆ ఊరి కోర్టుకే పిటిషను వెళ్ళాలి. తండ్రికి ఎంత దూరమైనా అంతే. బిడ్డను ఊళ్ళు తిప్పకూడదన్నది దాని ఉద్దేశం, నాకది సబబుగానే తోస్తుంది.

ఆ చట్టాల్లో ఒక మాట ఉంది, అది రాయడానికి కూడా నాకు చెయ్యి రాదు. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డను మన తెలుగులో ‘అక్రమ సంతానం’ అని అనువదించి పెట్టుకున్నాం. నలభై ఏళ్ళుగా పసిపిల్లల్ని చేతుల్లోకి తీసుకుంటున్నాను. వాళ్ళలో ఏ ఒక్కరిలోనూ నాకు అక్రమం కనపడలేదు. పిటిషనులో ఆ మాట తప్పనిసరై వచ్చినా, దయచేసి ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. కాగితాల కట్ట బల్ల మీద వదిలేయకండి. ఎనిమిదేళ్ళ పిల్లలు కూడబలుక్కుని చదివేస్తారు.

ఇక తండ్రిననే రుజువు. పుట్టిన సర్టిఫికెట్లో తండ్రి పేరుంటే, ఆసుపత్రిలో చేర్చినప్పటి కాగితాల మీద అతని సంతకముంటే, నెలనెలా పంపిన డబ్బుకి బ్యాంకు లెక్క ఉంటే, తల్లి కాదనకుండా ఉంటే, చాలా మటుకు అక్కడితో సరిపోతుంది. చాలామంది తండ్రులు నేరుగా డి.ఎన్.ఏ. పరీక్ష దగ్గరికి వెళ్ళిపోతారు. ఒక్క రక్తపు చుక్కతో తేలిపోతుందని ఆశ. కోర్టులు దాన్ని అలా చూడవు. అడిగిన ప్రతివారికీ రక్తపరీక్షకు ఆదేశించడం కుదరదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. పెద్దల తగవులో పిల్లల్ని అలవోకగా డి.ఎన్.ఏ. పరీక్షకు పంపకూడదని 2023లో మళ్ళీ చెప్పింది. ఇంకో కఠినమైన విషయం కూడా ఉంది. బిడ్డ పుట్టేనాటికి తల్లికి మరొకరితో పెళ్ళి అయి ఉంటే, లేదా ఆ పెళ్ళి రద్దయి ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉన్న 280 రోజుల్లోపు బిడ్డ పుడితే, ఆ భర్తే తండ్రి అని చట్టం భావిస్తుంది. ఆ కాలంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప దాన్ని కదిలించడం కష్టం. పాత సాక్ష్య చట్టంలో 112వ సెక్షనుగా ఉన్నది 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 116గా వచ్చింది, అంతే తేడా. ఆ పరిస్థితిలో ఉన్న తండ్రి ముందు మంచి ప్లీడరు దగ్గర నిజం నిజంగా చెప్పుకోవాలి. ఫీజు కట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోను చేస్తే దారి చెబుతారు.

2015లో సుప్రీంకోర్టు ఒక పెళ్ళికాని తల్లి విషయంలో తీర్పు ఇచ్చింది. తండ్రికి నోటీసు ఇవ్వకుండానే, అతని పేరు చెప్పకుండానే ఆమె బిడ్డకు గార్డియనుగా ఉండవచ్చంది. తండ్రులు ఈ తీర్పు పేరెత్తితే కుంగిపోతారు. పూర్తిగా చదివితే అంత కుంగనక్కర్లేదు. ఆ కేసులో తండ్రి బిడ్డ బాగోగుల్ని అసలు పట్టించుకోనివాడు. గార్డియను ఉత్తర్వులు ఎప్పటికీ మారనివి కావనీ, బిడ్డ క్షేమం చెడుతోందంటే నిజంగా శ్రద్ధ ఉన్నవాళ్ళెవరైనా ఎప్పుడైనా ప్రశ్నించవచ్చనీ అదే తీర్పులో ఉంది. శ్రద్ధ ఉందని చూపించుకోవలసింది మాత్రం తండ్రే.

ఆ శ్రద్ధను కోర్టు కంటే ముందు కొలిచేవాడు ఇంకొకడున్నాడు. వాడికి సెక్షన్లు తెలియవు.

ఐదేళ్ళ పాప ఒకతి కడుపునొప్పితో వచ్చేది. అన్ని పరీక్షలూ చేశాం, ఏమీ లేదు. ఒకరోజు పొట్ట మీద చెయ్యి వేసి చూస్తుంటే, పైకప్పు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. డాడీ బండి తాళాలు తనే సోఫా కింద దాచిందట. ఆయన వెతికి వెతికి అరిచాడట. ఆ రాత్రే అమ్మకీ ఆయనకీ గొడవైంది. తెల్లారేసరికి ఆయన లేడు. “నేను తాళాలు ఇచ్చేసుంటే వెళ్ళేవాడు కాదు.” ఏడాదిగా ఆ పసిది ఆ బరువు మోస్తోంది. తల్లికి తెలియదు. తండ్రికి తెలిసే వీలే లేదు. చిన్నపిల్లల లోకంలో జరిగే ప్రతిదానికీ కారణం వాళ్ళే. ఆకాశంలో చందమామ కూడా వాళ్ళ వెంటే నడుస్తాడు కదా! తండ్రి కనపడకుండా పోతే, ఎవరూ ఏమీ చెప్పకపోతే, ఆ ఖాళీలో వాళ్ళు తమ తప్పునే పెట్టుకుంటారు.

అందుకే అమ్మలకూ అమ్మమ్మలకూ ఒక విన్నపం. “వాడికి నాన్న పోయాడని చెప్పేశాం డాక్టరమ్మగారూ, మళ్ళీ మళ్ళీ అడక్కుండా” అని ఒకావిడ నాతో అన్నారు. బిడ్డ ఏడవకూడదనే ఆవిడ అలా చెప్పింది. నేను తప్పుపట్టలేను. కానీ బతికున్న మనిషిని పోయాడని చెబితే, నిజం తెలిసిన రోజున బిడ్డ ఇద్దరినీ పోగొట్టుకుంటుంది, కన్నవాణ్ణీ, నమ్మినవాళ్ళనూ. మన ఉమ్మడి రాష్ట్రానికి గవర్నరుగా చేసిన నారాయణ్ దత్ తివారీ మీద రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయనే తన తండ్రి అని తేల్చమన్నాడు. రక్తపరీక్ష ఫలితం కోర్టులో బయటపెట్టింది 2012 జూలైలో. అప్పటికి రోహిత్‌కు ముప్ఫై దాటాయి. ఉద్యోగం, సంపాదన వచ్చే వయసు దాటినా ఆ ప్రశ్న మనిషిని వదలదు.

మరి ఏం చెప్పాలి? వయసుకు తగ్గంత, కానీ అబద్ధం లేకుండా. “నిన్ను కన్నది మేమిద్దరం. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండలేకపోయాం. అది పెద్దవాళ్ళ గొడవ. నీ వల్ల కాదు.” ఐదారేళ్ళ బిడ్డకు ఇంతకంటే అక్కర్లేదు. చివరి ముక్క మాత్రం ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలదు. తాళాలు దాచిన పాపకు తల్లి ఎన్ని రాత్రులు చెప్పిందో నాకు తెలుసు.

ఇప్పుడు మళ్ళీ తండ్రి దగ్గరికి వద్దాం. బాబూ, ఒక మాట చెబుతాను, నొచ్చుకోకు. రెండేళ్ళు దూరంగా ఉన్నది ఎవరి తప్పైనా కానీ, బిడ్డ దృష్టిలో నువ్వు కొత్తవాడివి. అంకుల్ అంటే అననివ్వు. “నేను మీ నాన్నని, నాన్నా అను” అని బలవంతం చేస్తే, వాడు అంటాడు, పెద్దవాళ్ళ మాట వినడం వాడికి నేర్పారు కాబట్టి. నోటితో అంటాడు, అంతే. వాడు మొదటి రోజు ఒళ్ళోకి రాకపోతే రావద్దు. పక్కన కూర్చుని వాడు కట్టే బ్లాకుల మేడకు ఒక్కో ముక్క అందించు. ఖరీదైన బొమ్మలు, ఐస్‌క్రీములు, షికార్లు ఏవీ అక్కర్లేదు. మరీ పసిపిల్లలైతే నెలకోసారి రోజంతా కంటే, వారానికి రెండుసార్లు గంటసేపు చూడటం మేలు. వాళ్ళ జ్ఞాపకం అంత చిన్నది. నెల అంటే ఏడాది పాపకు ఒక యుగం.

వస్తానన్న రోజున రాకపోవడమే అన్నిటికన్నా చెడ్డది. పెద్దవాళ్ళకు అది ట్రాఫిక్కు, మీటింగు, బస్సు తప్పిపోవడం. పిల్లలకు అది తీర్పు. రాలేనంటే ముందుగా, స్వయంగా, బిడ్డతోనే ఫోనులో చెప్పండి. ఎప్పుడొస్తారో కూడా చెప్పండి.

చూసి వెళ్ళిన రాత్రి పిల్లలు పేచీ పెడతారు, అన్నం తినరు, పక్క తడుపుతారు. తల్లి భయపడి, “చూశారా, అతను వచ్చాకే ఇలా అయింది” అంటుంది. ఆమె చూసిందీ నిజమే. ఒక గూటిలోంచి ఇంకో గూటికి మనసు మారడం పిల్లలకు శ్రమ. కొత్తగా బడిలో వేసినప్పుడు కూడా ఇలాగే చేశాడు కదా. బడి మాన్పించామా? కొన్ని వారాలు ఓపిక పట్టి చూద్దాం. అయితే బిడ్డ అతణ్ణి చూస్తేనే బిగుసుకుపోతుంటే, అంతకుముందు ఇంట్లో కొట్టడం, తిట్టడం జరిగి ఉంటే, అది వేరే సంగతి. అప్పుడు తల్లి భయాన్ని మొండితనం అనకూడదు. అలాంటి చోట మూడో మనిషి సమక్షంలోనే కలవాలి, లేదా కలవడం ఆగాలి. కోర్టు కూడా బిడ్డ క్షేమాన్నే పైన పెడుతుంది, ఇద్దరి హక్కుల పైన.

డబ్బు గురించి తక్కువలో చెప్పేస్తాను. తల్లిదండ్రులకు పెళ్ళి అయిందా లేదా అన్నదాంతో సంబంధం లేకుండా బిడ్డను పోషించే బాధ్యత తండ్రిదే అని చట్టంలో ఎప్పటినుంచో ఉంది. ఆమె అడిగే వరకూ, కోర్టు చెప్పే వరకూ ఆగకండి. ఈ నెల నుంచే పంపండి, బ్యాంకు ద్వారా పంపండి. చూపించలేదని డబ్బు ఆపకండి. అమ్మా, నువ్వూ అంతే, డబ్బు రాలేదని చూపించడం ఆపకు. బిడ్డ ముఖం మీద ధర చీటీ అంటించినట్టవుతుంది.

అమెరికాలోనో ఇంకెక్కడో ఉన్న తండ్రులు కూడా ఈమధ్య ఫోను చేస్తున్నారు. అక్కడ బిడ్డ పుట్టినప్పుడు పెళ్ళికాని తల్లిదండ్రులిద్దరూ ఆసుపత్రిలోనే పితృత్వాన్ని ఒప్పుకుంటూ ఒక కాగితం మీద సంతకం చేసే వీలుంది. వెనక్కి తీసుకోవాలంటే మామూలుగా 60 రోజుల్లోపే. దాన్ని ఏదో ఫారమనుకుని పక్కన పెట్టేసి, తరవాత ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళున్నారు. బిడ్డ ఇక్కడ, తండ్రి అక్కడ అయితే వీడియో కాల్ ఉంది. వేరే రాష్ట్రంలోనో దేశంలోనో ఉన్న తల్లి లేదా తండ్రి బిడ్డతో అలా మాట్లాడుకునే వీలుండాలని సుప్రీంకోర్టు కూడా 2020లో చెప్పింది. కానీ డల్లాస్‌లో రాత్రి ఎనిమిదంటే ఇక్కడ వేసవిలో పొద్దున ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పాప పళ్ళు తోముకుంటూ, జడ వేయించుకుంటూ, బడి బస్సు కోసం పరిగెడుతూ ఉంటుంది. “ఫోనులో మాట్లాడదు మేడమ్” అని బాధపడితే ఎలా? మీరు కాస్త నిద్ర చెడగొట్టుకోండి. ఆమె సాయంత్రం మీకు తెల్లవారుజాము.

ఆ ఆదివారం అతను వెళ్ళబోతుంటే, బాబు తల్లిని కూడా లోపలికి పిలిచి నేను ఒక పని చేశాను. తల్లిని అడిగి తెప్పించుకున్న బాబు టీకాల కార్డు ఇద్దరి ఎదుటా బల్ల మీద పెట్టాను. పుట్టినప్పటివి, ఆరో వారానివి, పదో వారానివి, తొమ్మిదో నెలవి, ఏడాదిన్నరప్పటివి. అక్కడివరకూ కొన్నిటికి అతనూ వెళ్ళాడు, గుర్తుపట్టి వేలు పెట్టి చూపించాడు. కింద ఐదేళ్ళ బూస్టరు దగ్గర తారీఖు వేరే సిరాతో ఉంది. “ఆ రాత్రి నూట రెండు జ్వరం. నేనొక్కదాన్నే కూర్చున్నాను” అంది ఆ అమ్మాయి, కార్డు వైపే చూస్తూ. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత అతను “అవును, నువ్వొక్కదానివే” అన్నాడు. ఆ ఒక్క మాట అతని పిటిషనులో ఎక్కడా లేదు. ఊరి మాటలు, బడి ఫారంలో తండ్రి పేరు గడి దగ్గర గుమాస్తా చూసే చూపు, ఇవన్నీ ఒక్కతే మోసిన మనిషికి అది ముందే అందవలసిన మాట. ఆ తరవాతే, బాబుకు ఇప్పుడు ఏ సైజు చొక్కా పడుతుందో ఆమె చెప్పింది.

దాంతో అన్నీ సర్దుకుపోయాయని చెప్పను. సర్దుకోలేదు. కౌంటర్లు దాఖలవుతూనే ఉన్నాయి, వాయిదాలు పడుతూనే ఉన్నాయి. ఆమెకు అతని మీద నమ్మకం ఇంకా పూర్తిగా కుదరలేదు, కుదరాలని నేను తొందరపెట్టడం లేదు. అతను ఇప్పటికి పదకొండు ఆదివారాలు వచ్చాడు. ఒక్కటి తప్పింది, ఆ సంగతి ముందు రోజే బాబుకు ఫోను చేసి చెప్పాడు. బాబు ఇంకా అంకుల్ అనే పిలుస్తున్నాడు. కాకపోతే ఆదివారం మూడున్నరకే చెప్పులు వేసుకుని వీధి అరుగు మీద కూర్చుంటున్నాడట, వాళ్ళ అమ్మమ్మ చెప్పింది.

మీ బిడ్డకు కూడా నాలుగు గంటలకని చెప్పి ఉంటే, దయచేసి ఐదు నిమిషాలు ముందే చేరుకోండి.